"ఏం లేవుగా?" అని అడిగితే ఏం లేవనే అంటారు

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దల పేర్లన్నీ ఇందాకే చదివేశారు కాబట్టి నేను మళ్ళీ చదవను, ఏమనుకోకండి. నాకిచ్చిన టాపిక్ స్క్రీనింగ్ ఫారాల పరిచయం, అంటే ఆసుపత్రికొచ్చినవాళ్ళలో దిగులు, తాగుడు లాంటివి ఉన్నాయేమో పసిగట్టే ప్రశ్నల కాగితాలు, స్లైడ్లు కూడా చేసుకొచ్చాను, కానీ ఇందాక బయట వరండాలో ఒకాయన అన్న మాట విన్నాక వాటిని పక్కన పెట్టేస్తున్నా. "డిప్రెషన్ అని మా దగ్గరికొచ్చేవాళ్ళలో తాగేవాళ్ళు పెద్దగా ఉండరండీ, కావాలంటే ఫారాలు చూడండి, అందరికీ లేదు అనే ఉంటుంది" అన్నారు.

ఎందుకుండదండీ లేదు అని! వెనకాల క్యూ, పక్కన అత్తగారో నాన్నగారో, మనం కంప్యూటర్లోంచి తల కూడా ఎత్తకుండా "మందు, సిగరెట్ లాంటివేం లేవుగా?" అంటాం. జవాబు మనమే చెప్పేశాక ఆ మనిషి మాత్రం ఏం చేస్తాడు, లేవండీ అంటాడు, టిక్ పడిపోతుంది. ఆడవాళ్ళనైతే ఆ మాత్రం కూడా అడగం, వాళ్ళ తరఫున మనమే టిక్ పెట్టేస్తాం. ఆవిడ నిద్రమాత్ర ఒకటి నుంచి మూడుకి ఎప్పుడెళ్ళిందో ఇంక ఎవరికి తెలుస్తుంది?

తాగుడు ఎంతవరకు ఉందో చూసే డబ్ల్యూహెచ్ఓ వాళ్ళ ఆడిట్ ఫారం చూడండి, అందులో మొదటి ప్రశ్నే ఎన్నాళ్ళకోసారి తాగుతారు అని. అసలు తాగను అనేది కూడా అక్కడొక జవాబే, కానీ దాన్ని ఎదుటివాళ్ళ నోట్లో మనం పెట్టం. మొత్తం 10 ప్రశ్నలు, 40 మార్కులు, 8 వచ్చినా ఆగి మాట్లాడాల్సిందే. టైం లేదంటారా, మొదటి 3 ప్రశ్నలే అడగండి, ఆడిట్-సి అంటారు దాన్ని. పొగాకు, గంజాయి, నిద్రమాత్రలు అన్నీ కలిపి అడగడానికి అసిస్ట్ అనే ఫారం ఉంది. ఇటు డిప్రెషన్‌కి పీహెచ్‌క్యూ-9, ఆందోళనకి జీఏడీ-7. ఇవేవీ జబ్బుని తేల్చవు, ఎవరితో ఇంకాసేపు కూర్చోవాలో చెప్తాయంతే. సిగరెట్ సంగతి అడగడం దేనికి అని నర్సులు అంటుంటారు. ఓలాంజపిన్, క్లోజపిన్ అనే మానసిక జబ్బుల మాత్రలు వాడేవాళ్ళలో పొగ వల్ల ఆ మాత్ర ఒంట్లో తొందరగా ఖర్చయిపోతుంది, సిగరెట్ సడన్‌గా మానేస్తే అదే డోసు ఎక్కువైపోతుంది. అందుకు.

సరే, అసలు నా బాధ ఇది కాదు. తాగుడు మాన్పించే డీఅడిక్షన్ విభాగానికి వెళ్ళిన ఒక డ్రైవర్ సంగతి చెప్తా, ఊరు పేరు వద్దు. మాటల్లో, రాత్రుళ్ళు బతకాలనిపించట్లేదు సార్ అన్నాడట. "అయితే ముందు సైకియాట్రీలో చూపించుకుని రా" అని చీటీ రాశారు. అక్కడికెళ్తే వాసన వస్తోందని "ముందు మందు మానేసి రా, అప్పుడు చూద్దాం" అని ఇంకో చీటీ. రెండు చీటీలూ ఒకే జేబులో పెట్టుకుని ఇంటికెళ్ళిపోయాడు, తర్వాత కనపడింది క్యాజువాలిటీలో. బతికాడులెండి, కంగారు పడకండి. వాళ్ళావిడ మాత్రం నన్ను ఒకటే అడిగింది, "ఈయన ఎవరి పేషెంటండీ?" అని. నేను మిమ్మల్ని అడుగుతున్నా, ముందు వరసలో ఉన్నవాళ్ళు చెప్పండి, ఎవరి పేషెంటు? నవ్వకండి, చెప్పండి!

మానేసి రా అనడం ఎంత తేలికో చూడండి. రోజూ బాగా తాగే మనిషి ఇంట్లో ఒక్కసారిగా ఆపేస్తే ఫిట్స్ రావచ్చు, రెండు మూడు రోజులకి మతి తప్పి మాట్లాడొచ్చు, ప్రాణం కూడా పోవచ్చు. మనం చీటీ మీద రాసి పంపేది అది.

మీలో కొందరు అంటారు, తాగుతున్నంతకాలం డిప్రెషన్ ఏదో తాగుడు ఏదో ఎలా తెలుస్తుందని. నిజమే, తాగుడు వల్ల వచ్చిన దిగులు చాలామందిలో మానేసిన కొన్ని వారాలకే తగ్గుతుంది, మానసిక జబ్బుల్ని తేల్చడానికి డాక్టర్లు చూసే పుస్తకం డీఎస్ఎమ్-5 కూడా దాదాపు నెల చూడమంటుంది. కానీ ఆ నెల మన కళ్ళ ముందు గడవాలి కదండీ, ఇంటికి పంపేస్తే ఎవరు చూస్తారు? ఈలోపు అడగాల్సినవి ఉన్నాయి. తాగుడు మొదలుపెట్టకముందు మనసెలా ఉండేది, మధ్యలో ఎప్పుడైనా కొన్ని నెలలు మానేశారా, అప్పుడు దిగులు తగ్గిందా అలాగే ఉందా, ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా. ఈ జవాబులు కేస్ షీట్‌లో తేదీలతో రాయండి, "ఆల్కహాలిక్" అని ఒక్క ముక్క రాసి వదిలేయకండి, ఆ ముక్క చూశాక తర్వాత డాక్టరు ఇంకేం చదవడు.

సూపరింటెండెంట్ గారూ, మిమ్మల్నే, అడగడానికి తలుపున్న గది ఒకటి ఇప్పించండి. ఫారాలు ఎన్ని ప్రింట్ చేసినా హాల్లో అందరి ముందూ అడిగితే వచ్చే జవాబు అదే.

ఒకటి మర్చిపోయా. పీహెచ్‌క్యూ-9 లో తొమ్మిదోది చచ్చిపోవాలన్న ఆలోచనల గురించి. అక్కడ సున్నా తప్ప ఏ టిక్ పడినా ఫారం ఫైల్లో పెట్టేయకండి, ఆ మనిషిని ఒంటరిగా వదలకుండా అదే రోజు డాక్టర్‌తో మాట్లాడించండి, తాగొచ్చినా సరే, తాగొస్తే మరీను. ఎవరికి ఫోన్ చేయాలో ఆ నంబర్ కౌంటర్ మీద అంటించి ఉండాలి, ఎవరి ఫోన్లోనో కాదు.

ఇక మీరడగండి. ముందు రిజిస్ట్రేషన్ కౌంటర్ వాళ్ళు, డాక్టర్లు తర్వాత.