పాత మోటారుసైకిల్ డ్రమ్ బ్రేకులు: విప్పి చూసి, సరిచేసే పద్ధతి

నమస్కారం. ఈ వీడియోలో పాత హీరో హోండా స్ప్లెండర్ డ్రమ్ బ్రేకులను విప్పి, అరుగుదలను పరీక్షించి, శుభ్రం చేసి తిరిగి బిగించే పద్ధతిని చూద్దాం. విజయనగరం చుట్టుపక్కల పల్లెల్లో పదిహేను, ఇరవై ఏళ్లు నిండిన ఇటువంటి బండ్లు ఇప్పటికీ ధాన్యం బస్తాలు మోస్తున్నాయి, శృంగవరపుకోట మీదుగా అరకు ఘాట్ ఎక్కి దిగుతున్నాయి. ఇంజను మీద చూపే శ్రద్ధలో సగమైనా వీటి బ్రేకుల మీద చూపడం లేదన్నది నా బాధ. బ్రేక్ సరిగా పట్టకపోతే బ్రేక్ వదులు సరిచేసే అడ్జస్టర్ నట్టును రెండు చుట్లు బిగించి ఊరుకుంటున్నారు. డ్రమ్ అంటే చక్రంతో పాటు తిరిగే గిన్నె, షూ అంటే లోపలి నుంచి దానికి రాసుకొని చక్రాన్ని ఆపే వంపు ముక్క, లైనింగ్ అంటే షూ మీద ఉండే అరిగే పొర. ఆ నట్టు షూకూ డ్రమ్‌కూ మధ్య పెరిగిన ఖాళీని తగ్గిస్తుందే తప్ప, అరిగిపోయిన లైనింగ్‌ను తెచ్చిపెట్టదు.

ఏమీ విప్పకముందే చేయవలసిన పరీక్ష ఒకటి ఉంది. బండిని డబుల్ స్టాండు వేసి, ముందు బ్రేక్ లివర్‌ను పూర్తిగా నొక్కి పట్టుకోండి. షూలను మోసే బ్రేక్ ప్లేట్ మీద ఒక గుర్తు, కేబుల్ లాగే బ్రేక్ ఆర్మ్ మొదట్లో ఒక చిన్న బాణం కనిపిస్తాయి. లివర్ నొక్కినప్పుడు బాణం ఆ గుర్తును చేరితే షూలు మార్చవలసిందే. వెనుక చక్రానికి పెడల్ తొక్కి ఇదే విధంగా చూడండి.

ఇక్కడ ఒక ప్రమాదకరమైన అలవాటు గురించి వివరంగా చెప్పాలి. నట్టు చివరిదాకా బిగించినా బ్రేక్ అందనప్పుడు, కొందరు బ్రేక్ ఆర్మ్‌ను అది తిప్పే షాఫ్ట్ నుంచి ఊడదీసి, షాఫ్ట్ పళ్ల మీద ఒక పన్ను వెనక్కి జరిపి మళ్లీ బిగిస్తారు. అప్పటికి బ్రేక్ గట్టిగానే పడుతుంది. కానీ లోపల జరుగుతున్నది వేరు. షూల చివరల మధ్య, ఆ షాఫ్ట్‌తో పాటు తిరిగే చదునైన కామ్ ఒకటి పడుకొని ఉంటుంది, బ్రేక్ వేసినప్పుడు అది కొద్దిగా తిరిగి షూలను డ్రమ్ వైపు నెడుతుంది. లైనింగ్ అరిగేకొద్దీ కామ్ మరింత తిరగవలసి వస్తుంది, ఆర్మ్‌ను జరిపితే కామ్ తిరగదగ్గ హద్దు కూడా దాటిపోయి, కామ్ నిటారుగా నిలబడి వెనక్కి రాకుండా ఆగిపోయే అవకాశం ఉంటుంది. అలా జరిగితే నడుస్తున్న చక్రం ఉన్నట్టుండి పట్టేస్తుంది. షాఫ్ట్ చివర, ఆర్మ్ మీద ఉండే చుక్క గుర్తులు ఎదురెదురుగా ఉన్నాయో లేదో చూడండి. చేతులు మారిన బండిని కొన్నవారు ఈ పరీక్ష తప్పక చేయాలి.

ఇప్పుడు ముందు చక్రం విప్పుదాం. బ్రేక్ కేబుల్, స్పీడోమీటర్ కేబుల్ తప్పించి, యాక్సిల్ నట్టు ఊడదీసి యాక్సిల్‌ను లాగితే చక్రం కిందికి వస్తుంది. యాక్సిల్ మీద ఉండే గొట్టపు ముక్క, అంటే స్పేసర్, ఏ వైపున ఉందో విప్పేముందే ఫోనులో ఫోటో తీసుకోవడం మంచిది. బ్రేక్ ప్లేట్ పైకి తీయగానే నల్లటి పొడి కనిపిస్తుంది. దాన్ని నోటితో గాని, పంక్చరు షాపు గాలి గొట్టంతో గాని ఊదవద్దు. పాత లైనింగ్‌లలో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చు, దాని ధూళి ఊపిరితిత్తులకు హాని చేస్తుంది. ముక్కుకు గుడ్డ కట్టుకొని, తడిగుడ్డతో తుడవండి.

లైనింగ్ మందం ఎక్కడైనా 2 మిల్లీమీటర్లకు తగ్గితే రెండు షూలనూ కలిపి మార్చండి. మందం ఉన్నా పైభాగం అద్దంలా మెరుస్తుంటే, గరుకు కాగితంతో రుద్ది ఆ మెరుపు పోగొట్టాలి. నూనె గాని, గ్రీజు గాని పీల్చుకున్న షూలను పెట్రోలుతో కడిగి మళ్లీ వేయడం నేను ఒప్పుకోను, వేడెక్కినప్పుడు లోపలి జిడ్డు మళ్లీ పైకి వస్తుంది. డ్రమ్ లోపల వేలితో తడిమి చూడండి. లోతైన గీతలు, అంచున లేచిన గట్టు ఉంటే అది అరిగిందని అర్థం. ఈ బండి డ్రమ్ అసలు వ్యాసం 130 మిల్లీమీటర్లు, 131 దాటితే కొత్త షూలు వేసినా ప్రయోజనం ఉండదు.

భోగాపురం, పూసపాటిరేగ వైపు తీరప్రాంతపు బండ్లలో ఉప్పుగాలికి కామ్ షాఫ్ట్ తుప్పు పట్టి బిగుసుకుపోవడం సాధారణం. బ్రేక్ వదిలినా షూలు వెనక్కి రాకపోవడానికి చాలాసార్లు కారణం ఇదే, స్ప్రింగులు కాదు. షాఫ్ట్‌ను బయటకు తీసి, తుప్పు తుడిచి, షాఫ్ట్‌కూ కామ్ ముఖాలకూ షూలు తిరిగే పిన్నుకూ పలుచగా గ్రీజు రాయండి. ఎక్కువ రాస్తే అది కరిగి లైనింగ్ మీదికి పాకుతుంది.

తిరిగి బిగించేటప్పుడు అన్నిటికంటే ముఖ్యమైనది ఒకటుంది. ముందు ఫోర్కు మీద ఉన్న దిమ్మ, బ్రేక్ ప్లేట్ గాడిలో కూర్చోవాలి. అది కూర్చోకపోతే బ్రేక్ వేయగానే ప్లేట్ కూడా చక్రంతో పాటు తిరిగి, మనిషిని పడేస్తుంది. వెనుక ఈ పని ప్లేట్‌ను తిరగకుండా పట్టే కడ్డీ, టార్క్ రాడ్, చేస్తుంది కాబట్టి, దాని నట్టు, పిన్ను మరచిపోవద్దు. యాక్సిల్ నట్టు చివరిగా బిగించేటప్పుడు బ్రేక్ నొక్కి పట్టుకుంటే షూలు డ్రమ్ మధ్యకు సర్దుకుంటాయి.

ముందు లివర్ చివర 10 నుంచి 20 మిల్లీమీటర్లు, వెనుక పెడల్‌కు 20 నుంచి 30 మిల్లీమీటర్లు ఆట, అంటే బ్రేక్ పట్టకముందు ఉండే వదులు, ఉంచండి. చక్రాన్ని చేత్తో తిప్పితే ఎక్కడా రాసుకోకుండా తిరగాలి. బ్రేక్ లైటు వెలుగుతోందో లేదో చూడండి. ఈ పాత బండ్లలో రెండు బ్రేకులను కలిపి పనిచేయించే ఏర్పాటు లేదు, మన దేశంలో 125 సీసీ దాకా ఉండే, ఏబీఎస్ లేని కొత్త బండ్లకు అది తప్పనిసరి అయింది 2019 ఏప్రిల్ నుంచే. ఆగేటప్పుడు బరువు ముందుకు పడుతుంది కాబట్టి, వెనుక పెడల్ ఒక్కదాన్నే నమ్ముకోకుండా రెండూ వాడాలి.

కొత్త షూలు డ్రమ్‌కు పూర్తిగా ఆనే వరకు ఊరి రోడ్ల మీద నెమ్మదిగా నడపండి, అంతవరకు ఘాట్ దిగవద్దు. కొంతదూరం బ్రేక్ వేయకుండా నడిపి, ఆపి, చేతిని చక్రం మధ్యభాగమైన హబ్‌కు దగ్గరగా ఉంచి చూడండి. వేడి తగిలితే షూలు రాసుకుంటున్నాయి కనుక, నట్టును అర చుట్టు వదులు చేసి మళ్లీ పరీక్షించండి.