ఒకే వార్డు, ముగ్గురు పిల్లలు: ఇండియాలో పుడితే పౌరసత్వం వచ్చేసినట్టేనా?

"ఇక్కడే పుట్టినాడు, బర్త్ సర్టిఫికెట్ ఉంది, ఇంకేం కావాల?" ఈ మాట వినీ వినీ విసుగొచ్చేసింది. అందుకే ఈ వీడియో.

[స్క్రీన్ మీద: 1987 జూన్ 30, రాత్రి 11:50]

తిరుపతిలో ఒక ప్రసూతి వార్డు అనుకుందాం. 1983 అల్లర్లప్పుడు శ్రీలంక నుంచి వచ్చిన దంపతులు. ఇద్దరికీ భారత పౌరసత్వం లేదు. రాత్రి 11:50కి పాప పుట్టింది. ఆ పాప భారత పౌరురాలు, అంతే. 1950 జనవరి 26 నుంచి ఆ రాత్రి దాకా అమ్మానాన్నలు ఏ దేశమని చట్టం అడగదు. విదేశీ రాయబారుల పిల్లల్లాంటి ఒకటి రెండు మినహాయింపులున్నాయంతే.

[స్క్రీన్ మీద: జూలై 1, రాత్రి 12:20]

అరగంట గడిచింది. పక్క మంచం, అట్లాంటి దంపతులే, బాబు. వీడు పౌరుడు కాడు! జూలై 1 నుంచి అమ్మానాన్నల్లో ఒకరైనా బిడ్డ పుట్టేనాటికి భారత పౌరులై ఉండాల. అస్సాం ఆందోళన, 1985 ఒప్పందం, బంగ్లాదేశ్, శ్రీలంకల నుంచి వలసలు... వీటి తర్వాత 1986లో తెచ్చిన సవరణ ఇది. ఇద్దరి సర్టిఫికెట్లూ పక్కపక్కన పెట్టి చూడండి. ఊరు అదే, ఆసుపత్రి అదే. పౌరసత్వం అనే గడే అందులో లేదు. 2023 అక్టోబర్ 1 తర్వాత పుట్టినోళ్లకు స్కూలుకీ, ఆధార్‌కీ బర్త్ సర్టిఫికెట్టే ఆధారమన్నారు కదా, అది పుట్టిన తేదీకి, చోటుకి మాత్రమే. ఆధార్ కూడా పౌరసత్వానికి రుజువు కాదని ఆధార్ చట్టంలోనే రాసి ఉంది.

మూడో బిడ్డ. 2004 డిసెంబర్ 3 తర్వాత, అదే వార్డు. అమ్మది శ్రీకాళహస్తి, భారత పౌరురాలు. నాన్న విదేశీయుడు. కాన్పు రోజుకి ఆయన వీసా చెల్లుబాటులో ఉంటే బిడ్డ పౌరుడు. గడువు దాటిపోయి ఉంటే చట్టం లెక్కలో ఆయన అక్రమ వలసదారు, బిడ్డకు జన్మతః పౌరసత్వం రాదు. పెద్దోళ్లు వీసా పొడిగించుకోకపోతే శిక్ష పసిబిడ్డకా? నాకైతే ఇది అన్యాయమే. కానీ నియమం ఇదే కాబట్టి, ఇట్లాంటి ఇంట్లో నాన్న పాస్‌పోర్టు, వీసా పేజీల కాపీలు బిడ్డ సర్టిఫికెట్‌తో పాటే దాచిపెట్టాల. 1987 జూలై తర్వాత పుట్టినోళ్లెవరైనా అమ్మదో నాన్నదో పౌరసత్వం చూపే కాగితం పోగొట్టుకోవద్దు.

ఇప్పుడు ఆ మంచాన్ని డల్లాస్‌కి మార్చండి. అమ్మానాన్న ఇద్దరివీ భారత పాస్‌పోర్టులే, బిడ్డ అక్కడ పుట్టింది. వారసత్వంగా మన పౌరసత్వం రావాలంటే ఏడాది లోపల భారత కాన్సులేట్‌లో జననం నమోదు చేయించాల, బిడ్డకు వేరే దేశం పాస్‌పోర్టు లేదని రాసివ్వాల. చాలామంది ముందు అమెరికా పాస్‌పోర్టు తీసేస్తారు. ఇక ఆ మాట రాసివ్వలేరు, మిగిలేది ఓసీఐ కార్డే, అంటే విదేశీ పౌరసత్వమున్న భారత మూలాలోళ్లకు ఇచ్చే కార్డు. ఆ కార్డుతో ఓటు ఉండదు, ఎన్నికల్లో నిలబడలేరు.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తా. పెద్దోళ్లు తమంతట తాము వేరే దేశం పౌరసత్వం తీసుకుంటే ఆ క్షణమే మనది పోతుంది, పౌరసత్వ చట్టం సెక్షన్ 9. మన పాస్‌పోర్టులో ఇంకా ఆరేళ్లు గడువుందనేది లెక్కలోకి రాదు. దాన్ని అప్పజెప్పి సరెండర్ సర్టిఫికెట్ తీసుకోండి, ఓసీఐకి అది అడుగుతారు.

విదేశీయులు సహజీకరణతో, అంటే ఇక్కడ ఏళ్ల తరబడి ఉండి దరఖాస్తు పెట్టి, పౌరులవ్వాలంటే దరఖాస్తుకు ముందు 12 నెలలు ఏకధాటిగా ఇక్కడుండాల, దానికి ముందు 14 ఏళ్లలో 11 ఏళ్లు. 2019 సవరణ కొందరికి ఆ 11ని 5కి తగ్గించింది: పాకిస్తాన్, బంగ్లాదేశ్, అఫ్గానిస్తాన్‌ల నుంచి 2014 డిసెంబర్ 31 లోపు వచ్చిన హిందూ, సిక్కు, బౌద్ధ, జైన, పార్శీ, క్రైస్తవులకు. రూల్స్ వచ్చింది మాత్రం 2024 మార్చిలో. అస్సాంకి వేరే సెక్షన్ ఉంది, 6ఏ. దానికి ఇంకో వీడియో కావాల.

చివరగా భూమి. ఓసీఐ ఉంటే చిత్తూరు పక్కన తోతాపురి తోట కొనొచ్చా? కుదరదు. భారత పాస్‌పోర్టున్న ఎన్నారైకీ కుదరదు, కాబట్టి ఇది పౌరసత్వం గొడవ కాదు, ఫెమా (విదేశీ మారకద్రవ్య చట్టం) రూల్. తాతల తోట వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు. అమ్మేటప్పుడు మాత్రం ఇండియాలో నివాసముండే భారత పౌరుడికే అమ్మాల.