పటిక లోపల ఊదా స్ఫటికం: కెమిస్ట్రీ నేస్తానికి సీక్రెట్ శాంటా గిఫ్ట్

అందరికీ నమస్తే. నవంబర్ సగం గడిచేసరికి కెమిస్ట్రీ పిచ్చి ఉన్నవాళ్ల ఆన్‌లైన్ గ్రూపుల్లో ఒకటే సందడి మొదలవుతుంది. చీటీలు తీయడం, ఎవరికి ఎవరు వచ్చారో గుట్టుగా దాచుకోవడం, తీరా చీటీ తెరిచాక ఏం పంపాలో తోచక తల పట్టుకోవడం. ఆఫీసుల్లో ఆడే సీక్రెట్ శాంటానే ఇది. కాకపోతే ఇక్కడ కాఫీ మగ్గు పంపితే ఆనదు. అవతల ఉన్నది ఆదివారం పూట ఇంట్లో కూర్చుని బీకర్లు కడుక్కునే మనిషి.

ఈ విషయంలో నాదొక్కటే మాట. కెమికల్ డబ్బా కొని పంపకండి, ఏదైనా చేసి పంపండి. డబ్బా డబ్బులుంటే ఎవరికైనా దొరుకుతుంది. మీరు మూడు వారాలు కాపు కాసి పెంచిన స్ఫటికం ఏ షాపులోనూ దొరకదు.

ఇదిగో, ఇవాళ చేయబోయేది ఇదే. తమ్ముడూ, కెమెరా ఇంకాస్త దగ్గరికి తీసుకురా.

[స్ఫటికం దగ్గరగా, వెనక నుంచి వెలుతురు]

చూశారా? బయటంతా పారదర్శకంగా ఉంది, లోపల నట్టనడుమ ముదురు ఊదా. లోపలిదానికీ ఎనిమిది ముఖాలే, బయటిదానికీ ఎనిమిది ముఖాలే, రెండూ ఒకే వైపు తిరిగి ఉన్నాయి. ఇది అతికించింది కాదు, రంగు వేసింది అంతకన్నా కాదు. ఊదా స్ఫటికం మీద తెల్ల స్ఫటికం దానంతట అదే పెరిగింది. లోపలిది క్రోమ్ ఆలం, అంటే పటికలాంటిదే క్రోమియం ఉన్న లవణం. బయటిది మన గుమ్మానికి దిష్టి కోసం కట్టే పటిక.

మొదలుపెట్టే ముందు, ఏవి పంపకూడదో ఇప్పుడే చెప్పేస్తాను. యాసిడ్లు వద్దు. 2013లో సుప్రీంకోర్టు ఉత్తర్వులు వచ్చాక యాసిడ్ కొనడానికే ఐడీ చూపించాలి, ఇక పార్సెల్లో పంపడం ఊసే వద్దు. సురేకారం, గంధకం లాంటివీ వద్దు. మనలో చాలామందికి ఈ పిచ్చి అంటుకుంది దీపావళికి ఇంట్లో మతాబులు కూరే రోజుల్లోనే అని నాకు తెలుసు, అయినా సరే వద్దు. పేలేవి, మండేవి, విషపూరితమైనవి పోస్టులో పంపడం నిషేధం. పాదరసం వద్దు. గాలియం కూడా వద్దు, అది ఎంత ముచ్చటగా ఉన్నా సరే. 29.8 డిగ్రీలకే కరిగిపోతుంది, విజయవాడలో డిసెంబర్ మధ్యాహ్నం కూడా ఎండ ఆ దరిదాపులకి వస్తుంది. కరిగి మళ్లీ గడ్డకట్టేటప్పుడు ఉబ్బుతుంది కాబట్టి గాజు సీసా పగులుతుంది. పైగా అల్యూమినియంలోకి చొరబడి దాన్ని పెళుసు చేస్తుంది. చాలా విమానాల్లో ఎక్కువ భాగం అల్యూమినియమే కదా, అందుకే ఎయిర్ కార్గోలో గాలియం అన్నా పాదరసం అన్నా అంత కట్టడి. ఇక పేరు రాయని తెల్ల పొడి పొట్లం సంగతి నేను వేరే చెప్పాలా?

సరే, పనిలోకి వద్దాం. కావలసినవి చూపిస్తాను.

పటిక అర కిలో. కిరాణా షాపులో, పూజ సామాన్ల షాపులో గడ్డలుగా దొరుకుతుంది. పటిక అని గట్టిగా చెప్పండి, లేకపోతే పటికబెల్లం కట్టి ఇస్తారు. క్రోమ్ ఆలం 100 గ్రాములు, ల్యాబ్ కెమికల్స్ అమ్మేచోట అడగండి. తోళ్లు ఊనడానికి వాడతారు, ఒకప్పుడు ఫొటో ఫిల్ముల పనిలోనూ వాడేవారు. నీళ్లు బ్యాటరీ వాటర్ తీసుకోండి, బోరు నీళ్లు వాడితే అందులోని లవణాలు స్ఫటికాన్ని పాడు చేస్తాయి. వెడల్పు మూతి గాజు సీసాలు రెండు, సన్నటి గాలం దారం, కాఫీ ఫిల్టర్ పేపర్, ల్యాబ్ థర్మామీటర్. జ్వరం చూసే థర్మామీటర్ 42 దాటదు, దాంతో పని జరగదు. చేతులకి గ్లౌజులు, కళ్లకి అద్దాలు. వంటింటి గిన్నెలు మాత్రం ముట్టుకోకండి. ఒకసారి దీనికి వాడిన గిన్నె మళ్లీ వంటకి పనికిరాదు.

క్రోమియం అనగానే కంగారు పడేవాళ్లుంటారు. వార్తల్లో వినిపించే ప్రమాదకరమైన క్రోమియం ఆరో ఆక్సీకరణ స్థితిలో ఉండేది. క్రోమ్ ఆలంలో ఉన్నది మూడో స్థితిలోది, దానంత విషం కాదు. అలాగని నోట్లో పెట్టుకునేదీ కాదు, సింక్‌లో పారబోసేదీ కాదు. మిగిలిన ద్రావణం మూత పెట్టి దాచుకోండి, వచ్చే ఏడాదికి పనికొస్తుంది.

ముందు ఊదా విత్తనం చేద్దాం, అంటే పటిక పెరగడానికి లోపల పెట్టే చిన్న స్ఫటికం. 100 మిల్లీలీటర్ల బ్యాటరీ వాటర్‌ని పొయ్యి మీద నేరుగా పెట్టకండి. దాన్ని గాజు గ్లాసులో పోసి, ఆ గ్లాసుని వేడినీళ్ల గిన్నెలో పెట్టి వేడెక్కించండి. 45 డిగ్రీలు రాగానే ఆపేయాలి. అందులో 30 గ్రాముల క్రోమ్ ఆలం వేసి, గాజు కడ్డీతో తిప్పుతూ ఉండండి.

ఇక్కడే చాలామంది తొందరపడతారు. త్వరగా కరుగుతుందని మంట పెంచుతారు. 50 దాటి వేడెక్కితే ఈ ఊదా ద్రావణం ఆకుపచ్చగా మారిపోతుంది. క్రోమియం చుట్టూ ఉన్న నీటి అణువుల్లో కొన్ని తప్పుకుని, ఆ చోట్లోకి సల్ఫేట్ వచ్చి చేరుతుంది. ఆ ఆకుపచ్చ ద్రావణం స్ఫటికం కట్టదు, జిగురులా అలాగే ఉండిపోతుంది. వారాల తరబడి వదిలేస్తే మెల్లగా మళ్లీ ఊదాకి తిరుగుతుంది గానీ, అప్పటికి క్రిస్మస్ వెళ్లిపోతుంది.

కరిగాక వడకట్టి, మీద కాగితం కప్పి, కదపకుండా నాలుగైదు రోజులు వదిలేయండి. ద్రావణం ఎంత నల్లగా ఉంటుందంటే లోపల ఏం జరుగుతోందో కనిపించదు. మధ్యలో చెంచా పెట్టి కెలకాలనిపిస్తుంది. కెలకకండి. ఆ తర్వాత వంపి చూస్తే అడుగున ఇవి ఉంటాయి.

[పళ్లెంలో ఊదా స్ఫటికాలు]

ఇందులో ఒకదానికొకటి అతుక్కోనిది, అంచులు సూటిగా ఉన్నది, పెసరగింజ కన్నా కాస్త పెద్దది ఒకటి ఏరుకోండి. మిగతావి డబ్బాలో వేసి మూత పెట్టేయండి. బయట పొడి గాలికి వదిలేస్తే క్రోమ్ ఆలం తనలోని నీటిని కోల్పోయి పైన లేత రంగు పొడిలా పట్టేస్తుంది. దాని మీద పటిక పెంచడానికి అందం ఒక్కటే కారణం కాదన్నమాట, ఆ తెల్ల పొర లోపలిదాన్ని కాపాడుతుంది కూడా.

అసలు ఒకదాని మీద ఇంకొకటి ఎందుకు పెరుగుతుంది? పటికలో పొటాషియం, అల్యూమినియం, రెండు సల్ఫేట్లు, 12 నీటి అణువులు ఉంటాయి. క్రోమ్ ఆలంలో అల్యూమినియం సీట్లో క్రోమియం కూర్చుంటుంది, మిగతాదంతా అదే. లోపలి అమరికా ఒకటే, కొలతలూ దాదాపు ఒకటే. అందుకే పటిక అణువులకి ఆ ఊదా ముఖం తమదే అనిపిస్తుంది, వచ్చి వరుసలో నిలబడిపోతాయి. ఒకే తరహా కూర్పు ఉన్న లవణాలు ఒకే ఆకారంలో స్ఫటికమవుతాయని 1819లో జర్మన్ కెమిస్ట్ ఐల్‌హార్డ్ మిట్షర్లిష్ గమనించాడు. ఐసోమార్ఫిజం అని ఇంటర్‌లో రెండు మార్కుల ప్రశ్నకి బట్టీ పట్టి ఉంటారు, అది ఇదే.

ఇప్పుడు పటిక ద్రావణం. గడ్డని గుడ్డలో చుట్టి నలగ్గొట్టండి. అర లీటరు నీళ్లు 60 డిగ్రీలకి వేడి చేసి 120 గ్రాములు కరిగించండి. 60 డిగ్రీల దగ్గర ఈ నీళ్లు దీనికి రెండింతల పటికని కూడా మింగేస్తాయి, చల్లారితే మాత్రం అంత పట్టదు. వేడిగా ఉండగానే వడకట్టండి. కిరాణా పటికలో ఎంత మట్టి ఉంటుందో ఈ పేపర్ మీదే చూడండి. రాత్రంతా అలాగే వదిలేస్తే, ఎక్కువైన పటిక అడుగున చిన్న స్ఫటికాలుగా దిగుతుంది. పైన మిగిలిన ద్రావణం మీ గదిలో ఆ వేడికి సరిగ్గా ఎంత పట్టగలదో అంతే పట్టి ఉంటుంది. లెక్కలు అక్కర్లేదు, టేబుళ్లు అక్కర్లేదు. దాన్ని రెండో సీసాలోకి వంచుకుని, రెండు చెంచాల పటిక పొడి కలిపి, మళ్లీ గోరువెచ్చగా చేసి కరిగించి, గది వేడికి రానివ్వండి. ఆ రెండు చెంచాలే పెరుగుదలకి పెట్టుబడి.

ఊదా స్ఫటికానికి గాలం దారం ముడి వేయండి. జారుతుంటే ముడి మీద చుక్క ఫెవిక్విక్. చల్లటి బ్యాటరీ వాటర్‌లో ఒక్కసారి ముంచి తీయండి, మీద అంటిన పొడి పోతుంది. ఆ పొడి ఉంటే ప్రతి రేణువూ సొంతంగా స్ఫటికం కట్టి చుట్టూ బొబ్బలు లేస్తాయి. ఇప్పుడు పెన్సిల్‌కి కట్టి సీసా మధ్యలో వేలాడదీయండి, అడుగుకి తగలకూడదు. మొదటి గంటలో ద్రావణానికి కొంచెం ఊదా చాయ వస్తే టెన్షన్ పడకండి, పైపొర కాస్త కరిగినట్టు, అంతే.

ఇప్పుడు ఇది పెరుగుతోందా, కరుగుతోందా? రేపటి దాకా ఆగక్కర్లేదు. తమ్ముడూ, లైట్లు తీసేయ్. సీసా వెనక టార్చ్ పెడుతున్నా.

[చీకట్లో సీసా, స్ఫటికం చుట్టూ దగ్గరగా]

స్ఫటికం అంచుల దగ్గర సన్నటి చారలు కదులుతున్నాయి, ఎండాకాలం తారు రోడ్డు మీద కనిపించే సెగలా. అవి పైకి లేస్తున్నాయి, చూడండి. పటికని స్ఫటికం లాగేసుకుంటోంది కాబట్టి దాని పక్కనున్న ద్రావణం తేలికై పైకి పోతోంది. అంటే మనది పెరుగుతోంది. ఇవే చారలు కిందికి జారుతుంటే, కరుగుతోందని అర్థం. కరిగినచోట ద్రావణం చిక్కబడి బరువెక్కి కిందికి దిగుతుంది. అప్పుడు వెంటనే స్ఫటికాన్ని బయటికి తీసి, ఇంకో చెంచా పటిక వేసి, మళ్లీ వేడి చేసి చల్లార్చండి. నన్నడిగితే ఈ మొత్తం పనిలో చూడాల్సిన ముచ్చట ఇదే. స్ఫటికం చేతికొచ్చాక అంత సంబరం ఉండదు.

ఇక సీసా ఎక్కడ పెట్టాలి? హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకి డిసెంబర్‌లో ఇదే అసలు తలనొప్పి. రాత్రి స్వెటర్ వేసుకోవాలి, మధ్యాహ్నం ఫ్యాన్ వేసుకోవాలి. రాత్రి చలికి స్ఫటికం గబగబా పెరిగి లోపల మసక తేలుతుంది, పగటి వేడికి అంచులు కరిగి గుండ్రంగా అవుతాయి. సీసాని థర్మోకోల్ పెట్టెలో పెట్టి మంచం కిందకి తోసేయండి. ఫ్రిజ్ పక్కన వద్దు, కిటికీ దగ్గర వద్దు. విశాఖ, కాకినాడ వైపు వాళ్లకి రాత్రికీ పగటికీ అంత తేడా ఉండదు, కానీ గాలిలో తేమ వల్ల నీళ్లు ఆవిరి కావడం ఆలస్యం. కాబట్టి ఇంకో వారం కలుపుకోండి. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో హీటర్ వేసిన ఇంట్లో ఉన్నవాళ్లకి గాలి బాగా పొడిగా ఉంటుంది, సీసా మీద కాగితం రెండు పొరలు కప్పండి.

రోజూ ఒకసారి చూడండి, అడుగున వేరే స్ఫటికాలు మొలిస్తే ద్రావణం వడకట్టి మళ్లీ మొదలుపెట్టండి. అవి ఉంటే పటికంతా వాటికే పోతుంది. రెండు మూడు వారాల్లో ఊదా చుట్టూ వేలెడు మందం కాకపోయినా, కళ్లకి ఆనేంత తెల్ల పొర వస్తుంది. తీశాక కుళాయి కింద కడగకండి, ఇన్నాళ్ల పనీ అందులోనే పోతుంది. టిష్యూతో అద్ది, దారం కత్తిరించి, రంగులేని నెయిల్ పాలిష్ ఒక పూత వేయండి.

ప్యాకింగ్‌లో చిన్న ప్లాస్టిక్ డబ్బా, లోపల దూది, దాని చుట్టూ బబుల్ ర్యాప్, ఆపైన అట్టపెట్టె. పటిక పెళుసు, కింద పడితే చెక్కలు లేచిపోతుంది. డబ్బా మీద చీటీ తప్పనిసరి: పొటాషియం ఆలం (పటిక) స్ఫటికం, లోపల క్రోమ్ ఆలం, తినకూడదు, పిల్లలకి అందనివ్వకూడదు, నీళ్లు తగలనివ్వకూడదు. చేసిన నెల కూడా రాయండి. అవతలివాళ్ల ఇంట్లో పసిపిల్లలుంటే ముందే కనుక్కోండి. చీటీలో వచ్చినది ఇంటర్ చదివే పిల్లాడైతే వాళ్ల అమ్మానాన్నలకి తెలిసే పంపండి. లేదా మందారపూల రసంలో, పసుపు నీళ్లలో ముంచి ఆరబెట్టిన కాగితం ముక్కలు ఒక కట్టగా పంపినా చాలు. మందార కాగితం సబ్బునీళ్లలో ఆకుపచ్చగా మారితే, పసుపుది ఎర్రబడుతుంది, ఇల్లంతా తిరిగి పరీక్షలు చేసుకుంటాడు.

ఒక్క చిక్కు మిగిలింది. పార్సెల్ మీద పంపినవాళ్ల అడ్రస్ రాయాలి, రాయకపోతే అందనప్పుడు అది తిరిగి ఎవరింటికి రావాలి? కాబట్టి ఈ రహస్యం పోస్ట్‌మ్యాన్ తలుపు కొట్టేదాకానే. సిగ్గుపడకుండా మీ పేరు రాసేయండి.