లకుముకి పిట్టను గుర్తుపట్టాలంటే ముందు ముక్కు చూడండి

ప్రేక్షకులకు నమస్కారం. దసరా రోజుల్లో కరెంటు తీగ మీద నీలిరంగు పిట్ట కనబడగానే పాలపిట్ట అనుకుని దండం పెట్టుకునేవారు చాలామంది ఉన్నారు. అక్కడ కూర్చున్నది ఒక్కోసారి లకుముకి అయినా, దండానికి వచ్చిన నష్టమేమీ లేదు. ఇప్పుడు తెర మీద ఉన్న పిట్టకు పొడవైన ఎర్రని ముక్కు, ముదురు గోధుమరంగు తల, గొంతు నుంచి రొమ్ము దాకా తెలుపు ఉన్నాయి కాబట్టి ఇది తెల్లగొంతు లకుముకి. కొన్నిచోట్ల దీనినే బుచ్చిగాడు అంటారు. పాలపిట్ట ముక్కు నల్లగా, పొట్టిగా ఉంటుంది.

లకుముకి ఈకల్లోని నీలిరంగు ఏదో రంగుపదార్థం వల్ల కాక, ఈకల సూక్ష్మ నిర్మాణం వెలుగును చెదరగొట్టడం వల్ల కనిపిస్తుంది. అందుకే ఎండలో మెరిసే పిట్ట నీడలోకి వెళ్లగానే మసకబారుతుంది. రంగును నమ్ముకుంటే పొరబడతాము.

బుచ్చిగాడు మిడతలను, తొండలను, పీతలను కూడా తింటుంది కనుక నీటికి దూరంగా, పొలాల్లోనూ కనిపిస్తుంది. సుమారు 16 సెంటీమీటర్లుండే చిన్న లకుముకి మాత్రం నీటి అంచును వదలదు. దాని కింది ముక్కు ఎర్రగా ఉంటే ఆడది, ముక్కంతా నల్లగా ఉంటే మగది. నలుపు తెలుపుల లకుముకి నీటిపైన గాలిలో ఒకేచోట రెక్కలాడిస్తూ నిలిచి, నిట్టనిలువుగా దూకుతుంది కాబట్టి దానిని దూరం నుంచే పోల్చుకోవచ్చు. రొమ్ము మీద రెండు నల్లని పట్టీలుంటే మగది, మధ్యలో తెగిన ఒకే పట్టీ ఉంటే ఆడది. కాకినాడ దగ్గరి కోరింగ మడ అడవులకు వెళ్లినవారు నల్లతల లకుముకి కోసం కూడా వెతకాలి.

చూడడానికి పిట్ట వెంట నడవడం కన్నా, అది పదేపదే వచ్చి వాలే కొమ్మను కనిపెట్టి దూరంగా కూర్చోవడం మేలు. కొమ్మ కింద తెల్లని రెట్ట చారలుంటే అదే దాని స్థానం. ఈ దృశ్యాన్ని నెమ్మదిగా చూపిస్తున్నాము: పట్టిన చేపను కొమ్మకేసి కొట్టి, ముక్కులో తిప్పుకుని, తల వైపు నుంచి మింగుతోంది. అలా మింగకుండా చేప తలను బయటి వైపుకు ఉంచి పట్టుకుంటే, అది జతకో పిల్లలకో అందించడానికే. పిల్లలు గట్టులో తవ్విన సొరంగంలో ఉంటాయి. చేపతో వచ్చిన పిట్ట సొరంగంలోకి వెళ్లకుండా దగ్గర్లోనే వాలి అరుస్తూ ఉంటే, దారికి అడ్డంగా ఉన్నది మనమేనని గ్రహించి, కెమెరా కట్టేసి వెనక్కి జరగాలి.