ముందు నీడ చూడండి

శ్రోతలకు నమస్కారం.

పాత కార్టూన్ పిల్లినో ఎలుకనో నిజం మనుషుల మధ్యకు తెచ్చి సినిమా తీశారంటే నేను ముందు చూసేది బొచ్చు కాదండీ, నీడ. అవును, నీడే.

1988లో ‘హూ ఫ్రేమ్డ్ రోజర్ రాబిట్’ వచ్చింది. మిక్కీ మౌస్, బగ్స్ బన్నీ ఒకే తెర మీద కనిపించిన సినిమా. రోజర్ అనే కుందేలును చేత్తోనే గీశారు. ఒక సీన్‌లో నటుడు బాబ్ హాస్కిన్స్, ఆ కుందేలు ఒకే బేడీలకు చిక్కి చిన్న గదిలో ఉంటారు. హాస్కిన్స్ తల పైన వేలాడే దీపానికి తగులుతుంది. దీపం ఊగుతుంది. కథకు దాంతో పనేమీ లేదు, ఊరికే ఊగుతుంది. కానీ దీపం ఊగితే వెలుగు ఊగుతుంది, వెలుగు ఊగితే కుందేలు ఒంటి మీద నీడా ఊగాలి, సెకనుకు 24 ఫ్రేములు, నీడ జరిగిన ప్రతిసారీ మళ్లీ గీయాలి, అదంతా మనుషులు కూర్చుని గీశారు! చూసేవాళ్లు చాలామంది ఆ నీడను గమనించరు. కుందేలు అక్కడే ఉందని మాత్రం నమ్మేస్తారు.

ఇంకోటి, చూపు. షూటింగ్‌లో కుందేలు లేదు కదా. దానికి గొంతు ఇచ్చిన చార్లెస్ ఫ్లైషర్ కుందేలు వేషం వేసుకుని, కెమెరాకు అందకుండా పక్కన నిలబడి డైలాగులు చెప్పేవాడు. హాస్కిన్స్ మాత్రం ఖాళీ గాలిలో కుందేలు కళ్లు ఉండాల్సిన ఎత్తుకే చూడాలి. చూశాడు.

ఇప్పుడు కంప్యూటర్ వెంట్రుక వెంట్రుకనూ చూపగలదు, అదే ఒక్కోసారి చిక్కు. 2019లో సోనిక్ అనే వీడియో గేమ్ ముళ్లపంది సినిమా ట్రైలర్‌లో చిన్న కళ్లు, మనిషి పళ్లు చూసి అభిమానులు గగ్గోలు పెడితే, బొమ్మను మార్చి సినిమాను 2020 ఫిబ్రవరికి జరిపారు. 2021లో టామ్ అండ్ జెర్రీని చేత్తో గీసినట్టే ఉంచారు, నా లెక్కలో అదే సరైన పని. పెనం తగిలి టామ్ ముఖం పెనంలా మారితే నవ్వొస్తుంది, అదే నిజం పిల్లిలా కనిపిస్తే నాకైతే పాపం నొప్పి పుట్టిందేమో అనిపిస్తుంది.

ఈసారి పిల్లలతో ఇలాంటి సినిమా చూస్తుంటే ఒక్కసారి ఆపి, బొమ్మ కాళ్ల దగ్గర చూడమనండి. నీడ నేలకు ఆనిందా? సోఫా ఎక్కితే మెత్త కుంగిందా? నటుడి చూపు బొమ్మ కళ్ల దగ్గరే ఆగిందా, లేక తల మీదుగా వెళ్లిపోయిందా? మా అమ్మాయికి ఈ ఆట నేర్పాను, ఇప్పుడు నాకంటే ముందు తనే పట్టేస్తోంది. మొన్న ఆ దీపం సీన్ మూడుసార్లు వెనక్కి తిప్పించుకుని చూసింది. నాలుగోసారి నేనే తిప్పాను.