అల్ప్రాజోలం: వేసుకోవడం తేలికే, మానడానికే లెక్క కావాలి

(తెరపై: మాత్రల అట్ట వెనక భాగం, బాగా దగ్గరగా)

ఇక్కడ ఎర్రటి ఆర్‌ఎక్స్ గుర్తు, ఎర్రగీతల డబ్బాలో హెచ్చరిక కనబడుతున్నాయి కదా. షెడ్యూల్ హెచ్‌1, అంటే డాక్టరు చీటీ మీదే అమ్మాల్సిన జాబితాలోని మందు అన్నమాట. 2014 నుంచి దీన్ని అమ్మిన ప్రతిసారీ షాపువాళ్లు డాక్టరు పేరు, వాడేవారి పేరు, ఎన్ని మాత్రలిచ్చారో విడిగా రిజిస్టర్‌లో రాసి మూడేళ్లు ఉంచాలి. చీటీ లేకుండా "ఒక షీటు ఇవ్వన్నా" అని అడిగే సరుకు కాదిది.

ఆందోళన జబ్బుకి, పానిక్ అటాక్‌లకి రాస్తారు. మెదడు హడావిడిని అణిచే గాబా అనే రసాయనానికి ఇది బలం చేకూరుస్తుంది. ఆందోళనకైతే పెద్దలకు 0.25 లేదా 0.5 మి.గ్రా. చొప్పున రోజుకు మూడుసార్లతో మొదలు, రోజు మొత్తానికి 4 మి.గ్రా. హద్దు. వయసు మళ్లినవాళ్లకి 0.25తో, రెండు మూడుసార్లకి మించకుండా. వాళ్లకి డోసు కాస్త ఎక్కువైనా రాత్రి బాత్రూముకి లేచినప్పుడు తూలి పడతారు, తుంటి విరుగుతుంది. 0.25, 0.5 షీట్లు చూడ్డానికి ఒకేలా ఉంటాయి, అంకె చదివి తీసుకోండి.

ఈ మాత్రతో పాటు మద్యం, ట్రామడాల్ అనే నొప్పి మందు, కోడీన్ దగ్గు సిరప్ పడితే ఊపిరి మందగిస్తుంది. చాలామందికి తట్టనిది ఇంకోటుంది: తామరకి వాడే ఇట్రాకొనజోల్. లివర్ అల్ప్రాజోలాన్ని కరిగించే దారిని అది మూసేస్తుంది, మందు ఒంట్లో పేరుకుపోతుంది. చర్మం డాక్టరుకి అల్ప్రాజోలం వాడుతున్న సంగతి చెప్పి తీరాలి.

(తెరపై: గడియారం, రాత్రి 10 నుంచి ఉదయం 9)

దాదాపు 11 గంటల్లో సగం మందు ఒంట్లోంచి పోతుంది. అందుకే కొన్ని వారాలు రోజూ వాడాక పొద్దున్నే వణుకు, దడ మొదలవుతాయి. జబ్బు ముదిరిందనుకుని ఇంకోటి వేసేస్తారు. చాలాసార్లు అది జబ్బు కాదు, దిగిపోతున్న మందు. మామూలుగా రెండు నుంచి నాలుగు వారాలకే రాయాలనేది ఇందుకే. కల్తీ కల్లులో కలిపేదీ ఎక్కువగా ఇదే. కల్లు దుకాణం మూతపడ్డ రెండు మూడు రోజులకి ఫిట్స్‌తో, పిచ్చిపిచ్చి మాటలతో జనం ఆసుపత్రికి రావడం తెలంగాణలో కొత్తేం కాదు.

(తెరపై: 0.25 మాత్రను గీత మీద రెండుగా విరుస్తున్న చేతులు)

నెలల తరబడి వాడుతుంటే ఒక్కసారిగా ఆపకండి. 2025లో అమెరికాలో వచ్చిన మార్గదర్శకాల ప్రకారం రెండు నుంచి నాలుగు వారాలకోసారి 5-10 శాతం తగ్గించడంతో మొదలుపెట్టొచ్చు, రెండు వారాల్లో 25 శాతం మించకూడదు. రోజుకు 1 మి.గ్రా. వాడేవారికి 0.25లో సగం, అంటే 0.125 తీసేస్తే పన్నెండున్నర శాతం. 0.5కి దిగాక అదే ముక్క 25 శాతమవుతుంది! చివర్లో జనం తట్టుకోలేక మళ్లీ పాత డోసుకెళ్లేది ఇక్కడే. ఈ దశలో డాక్టర్లు కొందరికి ఇదే కోవకి చెందిన, ఒంట్లో ఎక్కువసేపు నిలిచే డయజిపామ్‌కి మార్చి తగ్గిస్తారు. ఆ మార్పిడి లెక్క ఇంట్లో వేసుకునేది కాదు. ఎస్‌ఆర్ అని రాసున్న మాత్రను మాత్రం విరవకండి, నమలకండి: మెల్లగా వదలాల్సిన మందంతా ఒకేసారి దిగుతుంది.