పదేళ్లు మనసులోనే రాసుకున్న నవల: ఎడ్వర్డ్ పి. జోన్స్

[తెర మీద: బడి ఆఫీసు బల్ల, దాని మీద ఒక అప్లికేషన్ ఫారం]

కూతుర్ని బడిలో చేర్పించడానికి ఒక తల్లి వచ్చింది. పాపకు తల చక్కగా దువ్వి, కొత్త బట్టలు వేసింది. ఫారం చేతికిచ్చారు. ఆమె ముక్కూ మొహం తెలియని ఇంకో తల్లి దగ్గరికి వెళ్లి, నాకు చదవడం, రాయడం రాదు, కాస్త నింపి పెట్టమని అడిగింది. అడిగాక ఒక్కసారి పాప వంక చూసి, చూపు తిప్పేసుకుంది. అమ్మ చూపులు దాదాపు అన్నీ తెలిసిన ఆ పాపకు ఈ చూపు మాత్రం కొత్త.

ఇది 'ద ఫస్ట్ డే' అనే కథ. కొద్ది పేజీలే ఉంటుంది. ఎన్నిసార్లు చదివినా ఆ చూపు దగ్గర నేను ఆగిపోతాను. రాసింది నల్లజాతి రచయిత ఎడ్వర్డ్ పి. జోన్స్.

ఆయన 1950లో అమెరికా రాజధాని వాషింగ్టన్‌లో పుట్టారు. వాళ్లమ్మకు అక్షరం ముక్క రాదు. తండ్రి చిన్నప్పుడే వదిలేసి వెళ్లిపోయారు. ఆమె గిన్నెలు కడిగి, హోటల్ గదులు శుభ్రం చేసి పిల్లల్ని సాకింది. జోన్స్‌కు 18 ఏళ్లు వచ్చేలోపు ఆ కుటుంబం 18 ఇళ్లు మారింది. అద్దె ఇళ్లలో పెరిగినవాళ్లకు తెలుస్తుంది, ఏడాదికో ఇల్లంటే ఏమిటో.

స్కాలర్‌షిప్‌తో మసాచుసెట్స్‌లోని హోలీ క్రాస్ కాలేజీలో చదువుకున్నారు. 1975లో అమ్మ పోయింది. కొంతకాలం ఆయనకు తలదాచుకోను చోటు కూడా లేదు.

[తెర మీద: వాషింగ్టన్ పాత వీధులు, వరసగా ఇటుక ఇళ్లు]

మనకు వాషింగ్టన్ అనగానే వైట్‌హౌస్ గుర్తొస్తుంది. జోన్స్ వాషింగ్టన్ వేరు. నల్లజాతి కుటుంబాలు బతికిన వీధులు, చర్చిలు, చిన్న కొట్లు. 1992లో వచ్చిన 'లాస్ట్ ఇన్ ద సిటీ'లో 14 కథలున్నాయి. చిన్నపిల్లల కథలతో మొదలై, పేజీలు తిరిగేకొద్దీ మనుషుల వయసు పెరుగుతూ పోతుంది. పుస్తకానికి మంచి పేరొచ్చింది. అయినా ఉద్యోగం మానలేదు. పన్నుల విషయాలు రాసే ఒక పత్రికలో దాదాపు 19 ఏళ్లు పనిచేశారు.

ఆ ఉద్యోగం చేస్తూనే బుర్రలో ఒక నవల కట్టుకుంటూ వచ్చారు. అమెరికాలో కొందరు నల్లవాళ్లకు కూడా బానిసలు ఉండేవారని కాలేజీ రోజుల్లో విన్నారు. ఆ ఒక్క మాట ఆయన్ని వదల్లేదు. బానిసత్వం మీద పుస్తకాలు బోలెడు పోగేసుకున్నారు గానీ, చదివింది చాలా తక్కువ. ఊళ్లు, మనుషులు, వాళ్ల చావులు అన్నీ తలలోనే. పదేళ్లలో కాగితం మీదకొచ్చినవి పన్నెండు పేజీలు! చివరికి సెలవు పెట్టి రాయడానికి కూర్చుంటే, ఆ సెలవులోనే ఉద్యోగం పోయింది. టెన్షన్ పడాల్సిన సమయమే. ఆయన మాత్రం రాస్తూనే ఉన్నారు, కొన్ని నెలల్లోనే మొదటి ప్రతి పూర్తయింది.

అదే 2003లో వచ్చిన 'ద నోన్ వరల్డ్'. అగస్టస్ అనే బానిస చెక్కపని చేసి, పైసా పైసా కూడబెట్టి, ముందు తనను, తర్వాత భార్యను, ఆ తర్వాత కొడుకు హెన్రీని కొనుక్కుని విడిపించుకుంటాడు. ఆ కొడుకే పెద్దయ్యాక బానిసల్ని కొంటాడు. తండ్రికి అంతకన్నా నరకం ఏముంటుంది? నవల హెన్రీ చనిపోయిన సాయంత్రంతో మొదలవుతుంది. అతని మేస్త్రీ మోజెస్, అతనూ బానిసే, పని ముగిశాక పొలంలో వంగి చిటికెడు మట్టి తీసి నోట్లో వేసుకుంటాడు. ఆ రుచి తెలిసినవాడు, ఆ నేల తనది కానివాడు.

కథ జరిగే మాంచెస్టర్ కౌంటీ, అంటే మన జిల్లా లాంటిది, మొత్తం కల్పితమే. మధ్యలో వచ్చే జనాభా లెక్కలు కూడా ఆయనే అల్లారు. నేనైతే మొదటిసారి అవి నిజమనే నమ్మాను.

ఈ నవలకు 2004లో అమెరికాలో పేరున్న పులిట్జర్ బహుమతి వచ్చింది. 2006లో ఇంకో కథల పుస్తకం, 'ఆల్ ఆంట్ హేగర్స్ చిల్డ్రన్'. అందులోనూ 14 కథలే, మొదటి పుస్తకంలోని కథలకు చుట్టరికం ఉన్నవి. తర్వాత జార్జ్ వాషింగ్టన్ యూనివర్సిటీలో పాఠాలు చెప్పారు.

[తెర మీద: తెరిచిన పుస్తకం, అంకితం పేజీ]

'ద నోన్ వరల్డ్' అంకితం పేజీ చూడండి. తమ్ముడి పేరు ఉంటుంది, దాంతో పాటు అమ్మ పేరు. ఇంతకన్నా మంచి లోకంలో పుట్టి ఉంటే ఆమె ఇంకా ఎంతో చేసి ఉండేదని రాశారు. తన పేరున్న ఆ పేజీని ఆమె చదవలేకపోయేది.